నల్లగుట్ట మొదటి తుపాకి

మా వంశంలో నాకు పేరు తెలిసిన మొదటివాడు ఓబులపతి నాయని. పుంగనూరు సీమలో పదహారు పల్లెలకు కావలిదొర. ఆయన కొడుకు తిమ్మపతి నాయని కుంపిణీ దొరకు గుర్రాన్ని కానుకగా ఇచ్చాడని కొందరు, ఆ దొర ఎక్కిన గుర్రాన్నే నరికాడని కొందరు చెబుతారు. మా ఇంట్లో రెండోదే చెప్పేవారు. తిమ్మపతి మునిమనవడు సీతాపతి నాయని మా తాత. ఆయన కాలానికి పదహారు పల్లెలు పోయి నల్లగుట్టపాళెం ఒక్కటే మిగిలింది. అందులో ఒక మేడ, వంద ఎకరాల మెట్ట, ఒక నల్ల కారు, వీటన్నిటికీ పైన ఒక మర్యాద. విజయదశమి నాడు గుట్ట మీది నరసింహస్వామి పల్లకిలో కిందికి దిగి పార్వేటకు, అంటే స్వామి వేటకు, వస్తాడు. స్వామి తరఫున మొదటి తుపాకి పేల్చేది మా ఇంటి మగవాడు. బుట్టలోంచి వదిలిన కుందేలు మీద ఆ తుపాకి పేలేదాకా చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ కొడవలి పట్టరు, వేరుశనగ చేలో కాలు పెట్టరు. ఆ వంశంలో చివరి మనిషిని నేను. మదనపల్లె టమోటా మార్కెట్టు వెనక సందులో, మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకొని ఉంటున్నాను. బడిలో పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకున్నాను కాబట్టి వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. నేను ఎవరినో వాళ్లకు చెప్పుకోవలసిన అవసరం నాకు ఎన్నడూ కనిపించలేదు.

ఈ ఏడు దసరాకు ముందు కంటి ఆపరేషనుకు బెంగళూరు వెళ్లాను. కట్టు విప్పిన రోజే ఫోను వచ్చింది. "నేను కదిరప్ప కూతురు మునెమ్మనమ్మా, కుప్పం నుంచి. మా నాయన నీతో ఒక మాట మాట్లాడల్లంట. వచ్చేదైతే బిరీన రా. ఆయప్ప ఎక్కువ దినాలు ఉండేటట్టు లేడు." కదిరప్ప పేరు విని యాభై ఏళ్లు దాటింది. బతికి ఉన్నాడని కూడా నాకు తెలియదు. రానని చెప్పడానికి నోరు తెరిచాను, వస్తానని చెప్పాను. మహానవమి నాడు పొద్దున్నే కుప్పం వైపు వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బంగారుపేట దాటాక గుట్టలు మొదలయ్యాయి. వానలు వెళ్లి నెల కూడా కాలేదు. బండల మధ్య ప్రతి చోటా పచ్చగా ఉంది, రైలు కట్ట పొడుగునా తంగేడు పూసి ఉంది. కొత్త కంటికి ఆ పసుపు మరీ గాఢంగా కనిపించింది. ఇదే దారిలో, ఇదే రుతువులో, పన్నెండేళ్ల పిల్లగా తాతకు ఎదురుగా కూర్చొని వెళ్లిన రోజు నా కళ్ల ముందు నిలబడింది. పిలవకుండానే.

తాత దసరాకు ముందు నెల రోజులు బెంగళూరులో మా నాయనమ్మ, జేజి అనేవాళ్లం, ఆమె పుట్టింట్లో ఉండేవాడు. అక్కడి పనివాడి చేత తుపాకిని శుభ్రం చేయించడం ఆ ప్రయాణానికి సాకు. పొడుగాటి మందు తుపాకి, మూతి నుంచి నింపేది. దాని కట్టెకు ఆముదం పట్టించి, గొంగట్లో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టేవారు. రైలు పెట్టె అంతా ఆముదం, నశ్యం, తాత తమలపాకుల వాసన. ఆయన ఆ పెట్టెను తన చేత్తో మోసేవాడు కాదు. తలుపు తన చేత్తో తీసేవాడు కాదు. చెంబులో నీళ్లు తనకు తాను వంచుకోగా నేను చూడలేదు. ఆయన చేతులు చేసిన పని కొట్టడం ఒక్కటే. పాలేర్లను కొట్టేవాడు, ఎద్దులను కొట్టేవాడు, ముప్పై అయిదేళ్ల మా నాయనను వసారాలో నిలబెట్టి చెప్పుతో కొట్టేవాడు. దెబ్బ తిన్నవాడు ఎందుకని అడగకూడదు. చూసినవాడు అసలే అడగకూడదు. జేజి మాత్రం వంటింట్లో సంగటి కెలుకుతూ, మాకు వినబడేటట్టు, "ఈ ఇంట్లో మొగోళ్ల నోర్లు మూతబడినప్పుడల్లా నాకు నెత్తుటి గుడ్డలు ఉతికే పని," అనేది. అడగకపోవడాన్ని మేము క్రమశిక్షణ అనుకున్నాము. ఇప్పటికీ నాలో అది కొంత ఉంది.

తుపాకికి ఇంకా గట్టి కట్టుబాట్లు ఉండేవి. మందు ముట్టుకోవడం నాయనివారికి తక్కువ పని. నింపే హక్కు కదిరప్ప ఇంటిది, వాళ్ల తాతల నాటి నుంచి. వేట మైదానంలో మా తాత తుపాకిని రెండు చేతుల మీద పెట్టి, "ఖాళీ తుపాకి ఇస్తున్నాను," అనాలి. కదిరప్ప తీసుకొని, "నింపి ఇస్తాండాను," అనాలి. మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, ఇనుప కడ్డీతో కూరి, సీసపు రవ్వలు వేసి, మళ్లీ కూరి, మా నాయన చేతికి ఇవ్వాలి. ఆ తర్వాత ఎవరూ దాన్ని పరీక్షించరు. గొట్టంలోకి తొంగి చూస్తే నింపినవాడి మాట మీద అనుమానం. ఏమైనా అడిగితే ఇచ్చినవాడి మాట మీద అనుమానం. మాట మీద నిలబడేవాళ్లమని మా గొప్ప.

ఆ ఏడు దశమి పొద్దున తాత, నాయన, నేను కుప్పం స్టేషన్లో దిగేసరికి డ్రైవరు పీరూసాబు ముఖం పాలిపోయి ఉంది. మా దాయాది రాజగోపాల నాయని మనుషులు దారి కాస్తున్నారని చెప్పాడు. మొదటి తుపాకి తమదేనని ఆ ఇంటివాళ్లు మూడేళ్లుగా తగాదా పెడుతున్నారు. మా ఇంటి మగవాడు వేళకు గుట్ట దగ్గరికి చేరకపోతే మర్యాద తప్పిపోతుంది, వాళ్లు పేల్చేస్తారు. "సామీ, పలమనేరు అడివి మలుపులో పది మంది ఉండారంట. గొడ్డండ్లు గూడా ఉండాయంట," అన్నాడు పీరూసాబు. తాత నశ్యం పీల్చి, "బండి తియ్‌రా," అన్నాడు. అంతే.

వి.కోట దాటి గుట్టల్లో ఎక్కుతుంటే కారు వేడెక్కి ఆగిపోయింది. నాయన, పీరూసాబు బిందె తీసుకొని కింద వాగులోకి దిగారు. నేను వెనక సీట్లో ఉన్నాను. తాత ముందు సీటు దిగి వచ్చి, చెక్కపెట్టె తెరిచి, తుపాకి బయటికి తీశాడు. మందు కొమ్ము మూతను పళ్లతో లాగాడు. ఆయన చేతులు వణకడం నేను అంతవరకు చూడలేదు. మందు సగం పంచె మీద పడింది. పీలిక పెట్టి, కడ్డీతో పొడిచి, రవ్వలు వేసి, మళ్లీ పొడిచాడు. కడ్డీ నాలుగుసార్లు జారింది. తల ఎత్తేసరికి నేను కనిపించాను.

"సూసినావా?"

"లేదు తాతా."

అయినా చెంప మీద ఒకటి వేశాడు. గట్టి దెబ్బ. తల వెళ్లి కారు తలుపుకు తగిలింది. నాయన నీళ్లతో పైకి వచ్చి నా చెంప చూశాడు. ఐదు వేళ్లూ నల్లగా, మందు మరకతో అచ్చుపడి ఉన్నాయి. ఆ నలుపు ఏమిటని ఒక్కసారి అడిగి ఉంటే చాలు. ఆయన చూపు తిప్పుకొని నీళ్లు పోయడానికి వెళ్లాడు.

అడవి మలుపులో రాళ్లు పడ్డాయి. ముందు అద్దం పగిలి పీరూసాబు నుదురు చీరింది. ఒకడు గొడ్డలితో కారు వెనక రేకును నరికాడు. నా తల వెనక ఇనుము చిరిగిన చప్పుడు. తాత తుపాకిని మోకాళ్ల మీద పెట్టుకొని నిటారుగా కూర్చున్నాడు కానీ ఎత్తలేదు. పీరూసాబు రక్తం కారుతున్న కళ్లతోనే కారును వాళ్ల మీదికి తోలాడు. ఎవరిదో కాలు చక్రం కింద పడింది. ఆ అరుపు చాలా దూరం వినిపించింది.

కారు నేరుగా నల్లగుట్ట మైదానానికి పోయింది. పల్లకి దిగి ఉంది, డప్పులు మోగుతున్నాయి, రాజగోపాల నాయని తన మనుషులతో ఒక పక్కన నిలబడి మా పగిలిన అద్దం చూసి నవ్వుతున్నాడు. తాత తుపాకిని రెండు చేతుల మీద పెట్టి, గొంతు ఏమాత్రం తడబడకుండా, "ఖాళీ తుపాకి ఇస్తున్నాను," అన్నాడు. ఆ తుపాకిని ఖాళీ చేయాలంటే పేల్చాలి. పేలిస్తే, సీతాపతి నాయని భయపడి దారిలోనే, అదీ తన చేత్తోనే నింపుకున్నాడని ఊరంతటికీ తెలుస్తుంది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నా నోట్లో నాలుక కదల్లేదు. కదిరప్ప అప్పుడు పాతికేళ్లవాడు. కడ్డీ దించాడు. ఒక్క క్షణం ఆగి తాత వైపు చూశాడు. తాత గుట్ట వైపు చూస్తున్నాడు. కదిరప్ప మందు పోశాడు.

కుందేలును వదిలారు. నాయన గురి పెట్టాడు. ఆ చప్పుడు తుపాకి చప్పుడులా లేదు, బండ పగిలినట్టు ఉంది. పొగ విడిపోయాక నాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఎడమచేతిలో బొటనవేలు ఒక్కటే ఉంది. మిగిలిన చోట తెల్లటి ఎముకలు, తోలు పీలికలు. కుందేలు పొదల్లోకి పారిపోయింది. తాత నాయన దగ్గరికి పోలేదు. కదిరప్ప చేతిలోంచి కడ్డీ లాక్కొని అతని దవడ మీద కొట్టాడు. "నా కొడుకు చెయ్యి తీసినావు కదరా," అంటూ కొట్టాడు. పళ్లు రాలాయి. కింద పడ్డాక భుజం మీద, పక్కటెముకల మీద, కడ్డీ వంకర పోయేదాకా కొట్టాడు. ఎవరూ అడ్డం రాలేదు. కదిరప్ప కూడా చేయి అడ్డం పెట్టుకోలేదు. నేను కారు తలుపు పట్టుకొని నిలబడి దెబ్బలు లెక్కపెట్టాను. పద్నాలుగు.

మదనపల్లె ఆస్పత్రికి గంట ప్రయాణం. నాయన చేతిని నా పావడాలో చుట్టి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. దారి పొడుగునా తాత ముందు సీట్లో వీపు ఆన్చకుండా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ వీపును నేను చాలా ఏళ్లు గౌరవించాను. నా నడక, నా కూర్చునే తీరు ఆ వీపు నుంచి నేర్చుకున్నవే. కదిరప్పను ఊళ్లోంచి వెళ్లగొట్టారని తర్వాత తెలిసింది. మొదటి తుపాకిని రాజగోపాల నాయని దౌర్జన్యంగా లాక్కున్నాడని మా ఇంట్లో చెప్పేవారు. నేనూ అదే చెబుతూ వచ్చాను.

కుప్పంలో కదిరప్ప ఇల్లు రాళ్లు కోసే మిల్లు వెనక ఉంది. ఇల్లంతా రాతి పొడి. మంచం మీద మనిషి గుప్పెడే ఉన్నాడు. దవడ ఒక పక్కకు పోయి, మాట ఆ పక్క నుంచే వస్తోంది.

"వచ్చినావా అమ్మణ్ణి. ఇన్నేండ్లు యాడ ఉన్నావు?"

"మదనపల్లెలోనే ఉన్నాను."

"అబ్బ. అంత దూరమా," అన్నాడు. మునెమ్మ ముఖం పక్కకు తిప్పుకొంది. "సరే, ఒగటే మాట అడుగుతా. మీ తాత కారులో తుపాకి నింపినాడు. నువ్వు సూసినావు. అవునా, కాదా?"

"నీకెట్లా తెలుసు?"

"నీ చెంప మీద మందు ఉండె. కడుక్కోకుండానే దేవుని ముందర నిలబడితివి. కడ్డీ దించితే జానెడు పైనే నిలబడిపాయ. అబ్బుడే తెలిసె."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?" నా గొంతు పెద్దదైంది. "మా నాయన చెయ్యి పోయింది."

"యాల అరుస్తావు? నువ్వూ చెప్పలేదు కదా." కాసేపు దమ్ము తీసుకున్నాడు. "చెప్పింటే రాజగోపాలు మనుషులు ఆడనే నవ్వుతారు. నవ్వితే మీ నాయన కొడతాడు. ఆపొద్దు ఆ బయల్లో పది తలకాయలు పగిలేవి. పోయకుండా ఉంటే అందరూ సూస్తాండ్రి, అందుకని మందు సగమే పోసినా. నిండా పోసింటే మీ నాయన తలే ఉండేది కాదు. నా చేతి మీద నాకు పొగరు అమ్మణ్ణి. ఎట్లోగట్ల తట్టుకొంటాదిలే అనుకొన్నా. పొగరు మీకొగరికే ఉంటాదా?"

కదిరప్ప మంచం పట్టె పట్టుకొని కాస్త పైకి జరిగాడు.

"ఈడ రాయి కొట్టేకాడ గూడా నన్ను 'దొర చెయ్యి తీసినోడు' అనే పిలుస్తారు. నా పేరు ఎవురికీ తెలీదు. రేపు దశిమి. నన్ను గుట్ట కాడికి పిల్చుకొని పో. నువ్వు సూసింది నలుగుర్లో చెప్పు. నీ కాళ్లు పట్టుకోను. పట్టుకొనే వయసు పోయింది."

ఆ రాత్రి మునెమ్మ ఇంట్లోనే పడుకున్నాను. నా దగ్గర మిగిలిన ఆస్తి మా తాత పేరు ఒక్కటే. ఆయన పిరికివాడని, అబద్ధమాడాడని, తప్పు చేయని మనిషిని ఊరి ముందు కొట్టాడని నా నోటితో చెబితే, ఇక నాకు వంశం పేరు చెప్పుకోవడానికి ఏముంటుంది? చెప్పకపోతే మంచం మీది మనిషి అదే పేరుతో చచ్చిపోతాడు. తెల్లవారాక బాడుగకారు మాట్లాడమని మునెమ్మకు చెప్పాను.

దారి వెడల్పయింది. ఏనుగులు దాటే చోటని బోర్డులు పెట్టారు. మలుపుల దగ్గర ఆడవాళ్లు సీతాఫలాలు గంపల్లో పెట్టుకొని అమ్ముతున్నారు. మునెమ్మ ఒక పండు ఒలిచి గింజలు తీసి తండ్రి నోట్లో పెట్టింది. రాళ్లు పడిన మలుపులో ఇప్పుడు టీ అంగడి ఉంది. కదిరప్ప కిటికీ లోంచి చూసి, "ఈడనే కదా మీ తాత తుపాకి ఒళ్లో పెట్టుకొని కూసున్నది?" అన్నాడు. అవునన్నాను. "ఒగ గుండు ఈడ పేల్చింటే సాలు కదప్పా," అని కళ్లు మూసుకున్నాడు. ఆ అప్పా ఎవరితో అన్నాడో నేను అడగలేదు.

నల్లగుట్ట మైదానంలో ఇప్పుడు డప్పులు లేవు, గోడల్లా పేర్చిన స్పీకర్లు ఉన్నాయి. కుందేలు లేదు, అది నేరం. పలక మీద రంగు బుడగలు కట్టి, రాజగోపాల నాయని మనవడు సుధాకర్ తిరునాళ్లలో దొరికే గాలి తుపాకితో కొడుతున్నాడు. మూడో దెబ్బకు ఒక బుడగ పగిలింది. జనం ఈలలు వేసి ఫోన్లలో పట్టుకున్నారు. ఆనాటి రక్తం కన్నా ఇది నయమని తెలిసినవాళ్లు అంటారు. నయమే.

నేను చేతికర్ర ఊతగా అరుగు ఎక్కి మైకు తీసుకున్నాను. "నేను సీతాపతి నాయని మనవరాలిని," అన్నాను. సుధాకర్ నవ్వుతూ వచ్చాడు. "అక్కా, పెద్దదానివి, దిగు. మర్యాద మీకు లేదిప్పుడు." అతని మనిషి ఒకడు అరుగు కింద కూర్చోబెట్టిన కదిరప్పను వంకర దవడను బట్టి పోల్చుకొని, "ఈ దొర చెయ్యి తీసినోన్ని యాల తెచ్చినారు ఈడికి?" అని కాలితో తోశాడు. ముసలాయన పక్కకు ఒరిగి నేల మీద పడ్డాడు. అరుగు ఎప్పుడు దిగానో నాకు తెలియదు. నా చేతికర్ర ఆ మనిషి నోటి మీద పడింది. మళ్లీ పడింది. పెదవి చీలి గడ్డం మీదికి రక్తం కారింది. మూడోసారి ఎత్తాను. నా చెయ్యి వణకలేదు. ఆ కొట్టడం నాకు బాగుంది. ఈ మాట రాయడానికి నాకు ఇష్టం లేదు, కానీ అది నిజం.

"సాలు అమ్మణ్ణి," అన్నాడు కదిరప్ప నేల మీద నుంచే. "కొట్టేది మీ ఇంటోళ్లకు వచ్చునని ఊరందరికీ తెలుసు. వచ్చిన పని సూడు."

చెప్పాను. కారు ఆగిన చోటు, మందు పంచె మీద పడటం, నా చెంప, ఖాళీ తుపాకి అన్న మాట, పద్నాలుగు దెబ్బలు. ఏదీ వదల్లేదు. ఇతని పేరు కదిరప్ప, ఇతను మా నాయన చెయ్యి తీయలేదు, ప్రాణం కాపాడాడు అని చెప్పాను. ముసలివాళ్లు కొందరు తల దించుకున్నారు. కుర్రవాళ్లకు సంగతి అర్థం కాలేదు. పెదవి పగిలినవాడు నన్ను తిడుతూనే ఉన్నాడు. మునెమ్మ తండ్రిని లేపి కూర్చోబెట్టి, ముఖం మీది మట్టి కొంగుతో తుడిచింది. ఆయన నావైపు చూడలేదు. జనంలో ఒక్కొక్కరి ముఖం వరుసగా చూసుకుంటూ పోయాడు.

"మీ తాత పిరికోడని నీకు ఇబ్బుడు తెలిసిందా అక్కా?" అన్నాడు సుధాకర్. "మా తాత మొదటి తుపాకి కొన్న నాడే మాకు తెలుసు."

"కొనడమేమిటి? లాక్కున్నారు."

అతను ఫోను తీసి ఒక పాత కాగితం ఫోటో నా ముందు పెట్టాడు. కొత్త కంటితో చదివాను. కింద ఉన్న సంతకం మా తాతదే. నాయన మదనపల్లె ఆస్పత్రిలో ఉండగానే, దసరా వెళ్లిన పదకొండో రోజున, సీతాపతి నాయని నల్లగుట్ట పార్వేటలో మొదటి తుపాకి పేల్చే హక్కును రాజగోపాల నాయనికి అమ్మాడు. అదే కాగితంలో తుపాకి నింపే హక్కును కూడా అమ్మాడు. అది కదిరప్ప ఇంటిది.